“మెదడులో కెమికల్ తగ్గింది” అనే మాట ఎక్కడ పుట్టింది?

నిద్ర పట్టడం లేదని, దేనిమీదా మనసు నిలవడం లేదని డాక్టర్ దగ్గరికి వెళ్ళినవాళ్ళలో చాలామంది వినే మాట ఒకటుంది: “కంగారేం లేదమ్మా, మెదడులో ఒక కెమికల్ తగ్గింది. షుగర్ ఉన్నవాళ్ళు ఇన్సులిన్ తీసుకోరూ, ఇదీ అంతే.” విన్నవాళ్ళకు సగం బరువు దిగిపోతుంది. గాలి సోకడం కాదు, చేతబడి కాదు, మన చేతగానితనమూ కాదు. బీపీ లాంటిదే అని ఇంట్లోవాళ్ళకు, వియ్యాలవారికి చెప్పుకోవచ్చు. ఆ మాట ఇంత దూరం నడిచిందంటే ఆ ఊరట వల్లే.

అయితే అది పరీక్ష చేసి చెప్పే మాట కాదు. వేలు గుచ్చి షుగర్ చూసినట్టు, దిగులుగా ఉన్న మనిషి మెదడులో సెరటోనిన్ అనే ఆ కెమికల్ ఎంతుందో చూసి మందు రాసే ఆసుపత్రి లోకంలో ఎక్కడా లేదు. మరి తగ్గిందని ఎలా చెబుతున్నారు? దానికి జవాబు వెతుక్కుంటూ వెనక్కి పోతే, దారి మన దేశపు అడవి వేరు దగ్గర తేలుతుంది.

ఆ వేరు సర్పగంధిది. బీహార్ బజార్లలో దాన్ని “పాగల్ కీ దవా” అనే అమ్మేవాళ్ళు. 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు బెంగాలీ వైద్యులు ఇది పిచ్చికీ, రక్తపోటుకూ పనిచేసే కొత్త భారతీయ మందు అని ఒక వైద్య పత్రికలో రాశారు. ఆ రోజుల్లోనే ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ అదే వేరు నుంచి ఆల్కలాయిడ్లను విడదీసి, ఒకదానికి హకీం అజ్మల్ ఖాన్ గుర్తుగా అజ్మలిన్ అని పేరు పెట్టారు. ఇంత జరిగినా పడమటి దేశాలు పట్టించుకోలేదు. 1949లో బొంబాయి గుండె డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశాక గానీ కదలిక రాలేదు. 1952లో స్విట్జర్లాండ్ కంపెనీ సీబా ఆ వేరు నుంచి రెసర్పిన్‌ను తీసింది. 1954లో న్యూయార్క్ రాష్ట్రంలోని రాక్‌లాండ్ ఆసుపత్రి నుంచి నాథన్ క్లైన్ దాన్ని మానసిక రోగులకు ఇచ్చి చూసిన ఫలితాలు ప్రకటించాడు. మన సంతలో దొరికే వేరు అమెరికా ఆసుపత్రిలో మాత్రయింది.

1955లో అమెరికా ప్రభుత్వ పరిశోధనశాలలో బెర్నార్డ్ బ్రోడీ బృందం ఇంకో సంగతి చూసింది. రెసర్పిన్ ఇచ్చిన జంతువుల్లో సెరటోనిన్ నిల్వలు పడిపోతున్నాయి. మరోవైపు, బీపీకని రెసర్పిన్ వాడుతున్నవాళ్ళలో కొందరు దిగులుతో కుంగిపోతున్నారని డాక్టర్లు రాయసాగారు. సరిగ్గా ఆ కాలంలోనే టీబీ మందు ఇప్రోనియాజిడ్ కథ మొదలైంది. 1952లో న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో అది వాడిన టీబీ రోగులు ఊపిరితిత్తుల సంగతి ఎలా ఉన్నా మహా హుషారైపోయారు. ఆ మందు సెరటోనిన్ లాంటి ఈ రసాయనాలు విరిగిపోకుండా అడ్డుపడుతుందని తేలింది. ఇక లెక్క సులువైపోయింది. రసాయనం తగ్గించే మందుకు దిగులు వచ్చింది, నిలిపి ఉంచే మందుకు హుషారు వచ్చింది, కాబట్టి దిగులంటే రసాయనం తగ్గడమే. 1965లో అమెరికాలో జోసెఫ్ షిల్డ్‌క్రాట్ నారడ్రినలిన్ అనే ఇంకో మెదడు రసాయనం వైపు నుంచి, 1967లో ఇంగ్లండ్‌లో అలెక్ కాపెన్ సెరటోనిన్ వైపు నుంచి ఈ ఊహకు రూపమిచ్చారు. షిల్డ్‌క్రాట్ అయితే ఇది ఇంకా ఊహేనని ఒప్పుకునే రాశాడు.

అంటే జబ్బును చూసి మందు కనిపెట్టలేదు. మందు చేసిన పనిని చూసి జబ్బుకు కారణం అల్లారు. రెండు గుక్కల కల్లు పడితే బిడియస్తుడు కూడా నలుగురిలో గలగలా మాట్లాడతాడు. అంతమాత్రాన వాడి ఒంట్లో కల్లు తక్కువైందని ఎవరూ అనరు కదా!

పునాదిరాయి కూడా గట్టిది కాదు. రెసర్పిన్ దిగులు తెస్తుందన్నారు గానీ, అదే 1955లో లండన్ మాడ్‌స్లీ ఆసుపత్రిలో డేవిస్, షెపర్డ్ ఆందోళనతో, దిగులుతో ఉన్నవాళ్ళకే రెసర్పిన్ ఇచ్చి చూసి, వాళ్ళకు మేలు చేసిందని వైద్య పత్రిక లాన్సెట్‌లో రాశారు. లెక్కకు అడ్డొచ్చిన ఆ వ్యాసాన్ని చాలాకాలం ఎవరూ తిరగేయలేదు.

తర్వాతి ముప్పై ఏళ్ళ కథ కంపెనీలది, దాన్ని త్వరగా దాటొచ్చు. 1987 చివర్లో అమెరికాలో సెరటోనిన్ మీద పనిచేసే డిప్రెషన్ మందు ప్రోజాక్‌కు అనుమతి వచ్చింది. 1997లో టీవీలో మందుల ప్రకటనలకు అక్కడ నిబంధనలు సడలించారు. పరిశోధకులు “కావచ్చు” అన్నది ప్రకటనల్లో “అందుకే” అయింది. మన దేశంలో డాక్టర్ చీటీ మీద ఇచ్చే మందులను జనానికి ప్రకటనల్లో అమ్మకూడదు. ఆ ప్రకటనలు ఇక్కడికి రాలేదు, వాటిలోని మాట మాత్రం వచ్చేసింది.

2022లో లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన జోవానా మాంక్రీఫ్ బృందం అప్పటిదాకా వచ్చిన సమీక్షలన్నీ కలిపి చూసి, డిప్రెషన్‌కు సెరటోనిన్ తగ్గడమే కారణమనడానికి నిలకడైన ఆధారం లేదని రాసింది. పెద్ద గొడవైంది. చాలామంది మానసిక వైద్యులు “ఇందులో కొత్తేముంది, ఆ సంగతి మాకెప్పుడో తెలుసు” అన్నారు. నాకు ఆ జవాబే ఎక్కువ ఇబ్బంది కలిగించింది. మీకు తెలిస్తే, మా అమ్మలకూ నాన్నలకూ ఇన్సులిన్ పోలిక ఎందుకు చెబుతూ వచ్చారు?

కారణం తప్పయితే మందు కూడా బూటకమేనా అంటే, కాదు. 2018లో ఆండ్రియా సిప్రియాని బృందం 522 ట్రయల్స్‌ను కలిపి చూస్తే, 21 రకాల డిప్రెషన్ మందులూ మందు లేని ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగ్గానే పనిచేశాయి. తేడా సగటున పెద్దది కాదు, కానీ ఉంది. తీవ్రమైన జబ్బుల్లో మందు మనిషిని నిలబెట్టడం కళ్ళారా చూసిన కుటుంబాలు మన చుట్టూనే ఉన్నాయి. వాళ్ళ ముందు నిలబడి మాత్రలన్నీ మోసమని ఉపన్యాసాలు ఇచ్చేవాళ్ళను నేను నమ్మను. ఇంకోవైపు, ఈ మందులు మానేసేటప్పుడు కొందరికి చాలాకాలం, చాలా కష్టంగా ఉంటుందని బ్రిటన్ రాయల్ కాలేజీ ఆఫ్ సైకియాట్రిస్ట్స్ ఒప్పుకుని తన వైఖరి మార్చుకున్నది 2019లో. ఆ బాధ చెప్పుకున్న రోగులకు అప్పటిదాకా ఎక్కువగా దొరికిన జవాబు, జబ్బు తిరగబెట్టిందని. ఉన్నపళంగా మానకూడదు, డాక్టర్‌తో మాట్లాడి కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి అనే జాగ్రత్త మన దగ్గర చీటీ రాసేటప్పుడే చెప్పేవాళ్ళు తక్కువ.

ఇదంతా పడమటి దేశాల తగాదా. అక్కడి విమర్శ, మాత్రలు మరీ ఎక్కువయ్యాయని. దాన్ని ఉన్నదున్నట్టు ఎత్తుకొచ్చి ఇక్కడ దించితే కుదరదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, డిప్రెషన్, ఆందోళన లాంటి మామూలు సమస్యలున్నవాళ్ళలో దాదాపు 85 శాతం మందికి ఏ చికిత్సా అందడం లేదని తేలింది. మన గోడు వేరే: అందిన కొద్దిమందికీ మాత్రే అందింది, మాట అందలేదు.

మొదట్నుంచీ అలా లేదు. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను పిలిచి, ఆవరణలో గుడారాలు వేయించి అక్కడే ఉంచారు. అన్నం వండుకోవడం, రోగిని చూసుకోవడం, సాయంత్రం కూర్చుని మాట్లాడుకోవడం. ఇంటికి వెళ్ళేసరికి రోగితో పాటు ఇల్లూ తయారయ్యేది. డబ్బులేని దేశంలో పుట్టిన ఆలోచన అది. పిచ్చాసుపత్రి అంటే విశాఖో ఎర్రగడ్డో అనీ, ఒకసారి లోపలికి పంపితే మరిచిపోవచ్చనీ అనుకునే మన అలవాటుకు పూర్తిగా ఎదురు.

1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. పక్కనే ఉన్న బళ్ళారి జిల్లాలో బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ వాళ్ళు చేసి చూపించిన నమూనాతో 1996లో నాలుగు జిల్లాల్లో జిల్లా కార్యక్రమం మొదలుపెట్టారు. ఆ నాలుగింటిలో మన మెదక్ ఒకటి. కాగితం మీద అన్నీ ఉన్నాయి: ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్లకు శిక్షణ, సమాజం పాలుపంచుకోవడం, ఊళ్ళో అవగాహన. దేశంలో ఈ కార్యక్రమం పెరుగుతూ పోయిన కొద్దీ ఏం మిగిలిందో సుమీత్ జైన్, సుశ్రుత్ జాధవ్ ఉత్తర భారతంలో ఒకచోట కూర్చుని చూసి 2009లో రాశారు. విధానంలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే జారిపోయి, చివరికి చేతిలో మాత్రల పంపిణీ మిగిలింది. అలా జరగడంలో ఆశ్చర్యం లేదు. మాత్రను లెక్కపెట్టొచ్చు, ఇండెంట్ పెట్టొచ్చు, రిజిస్టర్‌లో రాయొచ్చు. అరగంట మాట్లాడితే ఏ కాలమ్‌లో రాస్తారు? “కెమికల్ తగ్గింది” అనే మాట ఇక్కడ చేసిన అసలు నష్టం ఇదేనని నా అభిప్రాయం. లోపం రసాయనానిదే అయితే మాట్లాడటానికి జీతమిచ్చి మనిషిని పెట్టడం దేనికి?

మన పల్లె మాటల్లో దిగులుకు ఎప్పుడూ ఒక చిరునామా ఉండేది. తెలంగాణలో “రంది పెట్టుకున్నడు” అంటే, వెంటనే “ఏం రంది?” అని అడుగుతారు. బిడ్డ పెళ్ళా, అప్పా, పండని చేనా? 1997-98లో వరంగల్ పత్తి రైతులు వరుసగా ప్రాణాలు తీసుకున్నప్పుడు ఆ ప్రశ్నకు జవాబు అందరికీ తెలుసు. 2019లో ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లిన గొడవలో ఇరవై మందికి పైగా పిల్లలు పోయినప్పుడూ తెలుసు. ఇలాంటప్పుడు కౌన్సెలింగ్ పెడతామన్న హామీలు వస్తుంటాయి. కౌన్సెలింగ్ వద్దని కాదు. కానీ అప్పునీ, మార్కుల షీటునీ అలాగే ఉంచి మనిషికి ధైర్యం చెప్పడం కూడా మాత్ర మింగించడం లాంటిదే. శ్రీలంక 1995 నుంచి అత్యంత విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ పోయింది. పదేళ్ళలో అక్కడి ఆత్మహత్యల రేటు దాదాపు సగానికి పడిపోయింది. ఆ పని చేసింది మానసిక వైద్యులు కాదు, పురుగుమందుల రిజిస్ట్రార్ ఆఫీసు.

మాట్లాడే వైద్యం డబ్బున్నవాళ్ళకే, ఇంగ్లిష్ వచ్చినవాళ్ళకే అనే అపోహ కూడా ఈ మధ్య సడలింది. 2017లో అచ్చయిన ఒక పరిశోధనలో, గోవా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో విక్రమ్ పటేల్ బృందం డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్ళతో ఆరు నుంచి ఎనిమిది సార్లు మాట్లాడించింది. అలా మాట్లాడించినవాళ్ళు మిగతావాళ్ళకన్నా బాగా కోలుకున్నారు.

ఇక చట్టం. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో, దర్గా దగ్గరి పాకలో గొలుసులతో కట్టేసిన 28 మంది మానసిక రోగులు మంటల్లో కాలిపోయారు. మందులొద్దు, దర్గా చాలు అనేవాళ్ళకు అది ఇప్పటికీ జవాబే. ఆ తర్వాత కోర్టులు, కమిటీలు నడిచి నడిచి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దాకా వచ్చాయి. 2018 మే నుంచి అది అమల్లో ఉంది. మత్తు ఇవ్వకుండా కరెంట్ షాక్ పెట్టడం, మనిషిని గొలుసుతో కట్టడం నిషేధం. 5వ సెక్షన్ ప్రకారం, రేపు నాకు మతి స్థిమితం తప్పితే ఏ వైద్యం చేయాలో, ఏది చేయకూడదో బాగున్నప్పుడే రాసి పెట్టుకోవచ్చు. 2022 అక్టోబర్ 10న కేంద్రం టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ లైన్ పెట్టింది. 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. మెదక్‌లో మొదలైనప్పుడు కాగితం మీద ఉండి తర్వాత జారిపోయిన ఆ మాట, ఇరవై ఆరేళ్ళకు ఫోన్ లైన్ మీద తిరిగొచ్చింది.