ఇటలీ బడుల్లో ఫాసిజం: పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

ముస్సోలినీ పేరు వినగానే యుద్ధాలూ, మేడమీది వసారాలో నిలబడి అతడు చేసే ప్రసంగాలూ మీకు గుర్తుకు రావడం సహజం. నేను మాత్రం ఆనాటి ఇటలీ తరగతి గదుల గురించి రాయదలిచాను.

ముందుగా నాలుగు మాటల్లో నేపథ్యం చెబుతాను. 1922 అక్టోబరు చివర ముస్సోలినీ అనుచరులైన నల్లచొక్కాల దళాలు రోము మీదికి కదిలినప్పుడు, రాజు మూడవ విక్టర్ ఇమ్మాన్యుయేల్ సైన్యాన్ని దించడానికి ఒప్పుకోక ముస్సోలినీనే పిలిచి ప్రధానమంత్రిని చేశాడు. ఎన్నికల్లో జరిగిన దౌర్జన్యాలను పార్లమెంటులో ఎండగట్టిన సోషలిస్టు సభ్యుడు జాకొమో మాత్తెయోత్తిని 1924 జూన్ 10న ఎత్తుకుపోయి చంపారు. 1926 ముగిసేసరికి ప్రతిపక్ష పార్టీలు నిషేధానికి గురయ్యాయి.

అదే 1926లో ‘బలీల్లా’ అనే బాలల సంస్థ పుట్టింది. బలీల్లా అన్నది, 1746లో జెనోవా నగరంలో ఆస్ట్రియా సైనికుల మీద రాయి విసిరి తిరుగుబాటు రేపాడని చెప్పుకునే కుర్రవాడి పేరు. ఎదురుతిరిగిన పిల్లవాడి పేరును, ఎదురుచెప్పకుండా కవాతు చేయడం నేర్పే సంస్థకు పెట్టుకోవడం వింతగా లేదూ? ఎనిమిదేళ్లు నిండిన మగపిల్లలు అందులో చేరి నల్లచొక్కా తొడుక్కునేవారు. ఆడపిల్లలకు వేరే విభాగం ఉండేది. 1930-31 నుంచి ప్రాథమిక పాఠశాలలన్నిటికీ ప్రభుత్వం అచ్చువేసిన ఒకే పాఠ్యపుస్తకం వచ్చింది.

పిల్లల తర్వాత పెద్దల వంతు. 1931లో విశ్వవిద్యాలయ ఆచార్యులందరూ రాజుకే కాక ఫాసిస్టు ప్రభుత్వానికి కూడా విధేయులమని ప్రమాణం చేయాలన్నారు. దాదాపు పన్నెండు వందల మందిలో నిరాకరించి ఉద్యోగం పోగొట్టుకున్నవారు డజను మందికి కాస్త అటూ ఇటూగా తేలారు. గణితవేత్త వీతో వోల్తెర్రా, ప్రాచీన చరిత్ర చెప్పే గయెతానో దె సాంక్తిస్, తత్త్వశాస్త్రం చెప్పే పియెరో మార్తినెత్తి వారిలో ఉన్నారు.

మిగిలినవారంతా పిరికివారని మాత్రం తొందరపడి అనుకోకండి. రహస్యంగా పనిచేస్తున్న కమ్యూనిస్టు పార్టీయే, విద్యార్థులకు దూరం కావడం కన్నా సంతకం పెట్టి లోపల ఉండడం మేలని తనవారికి సలహా ఇచ్చింది. తరువాతి కాలంలో స్వతంత్ర గణతంత్రానికి రాష్ట్రపతి అయిన లూయీజీ ఐనౌదీ, రాజ్యాంగ రచనలో పాలుపంచుకున్న పియెరో కలమాంద్రెయి కూడా సంతకం చేసినవారే. అయినా నాకొకటి తోస్తుంది: ఎవరి కారణం వారికి ఉన్నా, ఇంతమంది చదువుకున్నవారు ఒక్క కాగితంతో లొంగుతారని ప్రభుత్వానికి ఆ ఏడాదే తెలిసిపోయింది.

ఏడేళ్ల తర్వాత, 1938 సెప్టెంబరు 5న, యూదు ఉపాధ్యాయులనూ విద్యార్థులనూ ప్రభుత్వ బడుల నుంచి తొలగించే శాసనం మీద రాజు సంతకం చేశాడు. మిలాను నగరంలో లిలియానా సెగ్రె అనే ఎనిమిదేళ్ల పాపకు, ఇక నువ్వు బడికి వెళ్లడానికి లేదని ఇంట్లోవారు చెప్పవలసి వచ్చింది. 1944లో ఆమెను తండ్రితో సహా ఆష్‌విట్జ్ నిర్బంధ శిబిరానికి తరలించారు. తండ్రి తిరిగి రాలేదు. ఇక విశ్వవిద్యాలయాల్లో ఖాళీ అయిన పీఠాలను మిగిలిన ఆచార్యులు పెద్దగా అభ్యంతరం లేకుండానే పంచుకున్నారు. ఈ ఘట్టంలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే.

ఎనుబది ఏళ్ల వయసులో కన్నుమూసిన వోల్తెర్రా ఫాసిజం పతనాన్ని చూడలేదు. ఆయన 1940లో మరణించాడు. అయితే రోములోనే మరొక యూదు గణితవేత్త, అప్పటికే పదవీ విరమణ చేసిన గ్విదో కాస్తెల్నువోవో, చదువుకు దూరమైన యువకుల కోసం 1941లో గుట్టుగా ఉన్నత విద్యా తరగతులు ఏర్పాటు చేశాడు. పదేళ్ల కిందట విధేయతా ప్రమాణం చేసినవారిలో ఆయన కూడా ఉన్నాడు. యుద్ధం ముగిశాక, ఫాసిస్టు పాలన 1939లో రద్దు చేసిన లించెయి అకాడమీ అనే పండితుల సంస్థను తిరిగి నిలబెట్టినప్పుడు, దానికి అధ్యక్షుడయ్యాడు. కళ, శాస్త్రం, వాటి బోధన స్వేచ్ఛగా ఉండాలని 1948 నుంచి అమలైన కొత్త రాజ్యాంగం తన 33వ అధికరణంలో రాసుకుంది.

శుభాకాంక్షలతో,
మీ తాతయ్య