మోకాలి ఇంజెక్షన్ నుంచి మందులేని రేణువు దాకా: మైక్రోస్ఫియర్ల వెనక కథ

మోకాళ్ల అరుగుదలకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకున్నవాళ్లు మన ఇళ్లల్లో ఎవరో ఒకరు ఉంటారు, కొన్నాళ్లు హాయిగా తిరిగేసి మళ్లీ మెట్ల దగ్గర గోడ పట్టుకునేవాళ్లు. మందులో పస లేక కాదు, అది కీలులో నిలవకుండా రక్తంలోకి జారిపోతుంది, అదీ గొడవ.

ఇది పాత గొడవే. 1948 సెప్టెంబర్‌లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టర్ బృందం కీళ్లవాతంతో కదల్లేకుండా ఉన్న ఒకావిడకి కార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే రోజుల్లోనే లేచి నడిచింది, 1950కల్లా నోబెల్ కూడా వచ్చేసింది. కానీ స్టెరాయిడ్ ఒళ్లంతా పాకితే మొహం ఉబ్బడం, షుగర్ పెరగడం, ఎముకలు గుల్లబారడం ఇవన్నీ వెంటపడతాయి కదా, అందుకే 1951లో హోలాండర్ అనే డాక్టర్ హైడ్రోకార్టిజోన్ అనే స్టెరాయిడ్‌ని నేరుగా కీలులోకే ఎక్కించాడు. ఆ తర్వాత 1950ల్లోనే లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీ ల్యాబ్ నుంచి ట్రయామ్సినోలోన్ అనే ఇంకో స్టెరాయిడ్ వచ్చింది. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు రీసెర్చ్ నడిపిన లెడర్లీనే, కాకపోతే ఆయన 1948 ఆగస్టులోనే పోయారు, హెంచ్ ప్రయోగానికి నెల ముందు.

మందుని నిలబెట్టే పదార్థం మాత్రం కుట్ల దారం వైపు నుంచి వచ్చింది. 1970ల్లో ఆపరేషన్లకి వాడటం మొదలైన కరిగిపోయే దారం ఉంది చూడండి, ఆ జాతి పాలిమరే పీఎల్‌జీఏ, నీళ్లు తగిలితే మెల్లగా విడిపోయి లాక్టిక్, గ్లైకోలిక్ యాసిడ్లుగా మారిపోతుంది. దాంతో చేసిన సన్న గోళాల్లో, అంటే మైక్రోస్ఫియర్లలో, మందు పెట్టి దాన్ని మెల్లగా వదిలే డిపో ఇంజెక్షన్ లుప్రాన్ డిపోని 1989లో అమెరికాలో దింపారు, ప్రోస్టేట్ క్యాన్సర్‌కి నెలకో ఇంజెక్షన్ చాలు.

అయితే ఒంట్లోకి ఏ రేణువు పోయినా మాక్రోఫేజ్‌లు, అంటే బయటి వస్తువుల్ని మింగేసే రక్షణ కణాలు, ఊరుకోవు. 1882లో మెచ్నికాఫ్ అనే శాస్త్రవేత్త నక్షత్రచేప పిల్లకి ముల్లు గుచ్చి, కణాలొచ్చి దాన్ని చుట్టుముట్టడం చూశాడు, అదే ఇమ్యూనిటీ ఇక్కడా పనిచేస్తుంది. రేణువు రెండు మూడు మైక్రాన్లుంటే (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) మింగేస్తాయి, పదుల మైక్రాన్లుంటే మింగలేక చుట్టూ చేరతాయి. అందుకని డిపో మందులవాళ్లు సైజు పెంచి తప్పించుకున్నారు, అంటే చాలాకాలం ఈ కణాలు వాళ్లకి తలనొప్పి మాత్రమే.

2017 దగ్గర కొంచెం ఆగాలి. ఆ మేలో జామా అనే వైద్య పత్రికలో 140 మంది మీద చేసిన ట్రయల్ వచ్చింది, మూడు నెలలకోసారి చొప్పున రెండేళ్లు మామూలు ట్రయామ్సినోలోన్ మోకాల్లో ఎక్కిస్తే సెలైన్ కంటే మృదులాస్థి (కీలులో ఎముకల చివర ఉండే మెత్తటి పొర) ఎక్కువ అరిగింది, నొప్పిలో తేడా లేదు. అదే అక్టోబర్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ జిల్‌రెట్టా అనే ఇంజెక్షన్‌కి ఓకే చెప్పింది, అదే ట్రయామ్సినోలోన్ 32 మిల్లీగ్రాములు, పీఎల్‌జీఏ మైక్రోస్ఫియర్లలో. 484 మంది ట్రయల్‌లో సెలైన్ మీద గెలిచింది గానీ రోజువారీ నొప్పి లెక్కలో మామూలు ఇంజెక్షన్ మీద స్పష్టంగా గెలవలేదు, ఈ ముక్క ప్రకటనల్లో గట్టిగా వినపడదు. షుగర్ ఉన్నవాళ్లకి మాత్రం నిజంగా లాభమే, మొదటి మూడు రోజుల్లో గ్లూకోజ్ అంతగా ఎగరలేదు, మన దగ్గర ఇది చిన్న విషయమేం కాదు.

అసలు మలుపు 2014లోనే వచ్చింది, నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు అర మైక్రాన్ సైజులో, నెగటివ్ చార్జ్‌తో, లోపల మందే లేని రేణువుల్ని ఎలుకల రక్తంలోకి వదిలారు. వాపు దగ్గరికి పరిగెత్తాల్సిన మోనోసైట్లు (మాక్రోఫేజ్‌లుగా మారే తెల్ల రక్తకణాలు) తమ పైనున్న మార్కో అనే రిసెప్టర్‌తో వాటిని పట్టుకుని, దారి మార్చి ప్లీహానికి పోయి అక్కడే చచ్చిపోయాయి. గుండెపోటు, పేగు వాపు, వెస్ట్ నైల్ మెదడువాపు, అన్ని మోడల్స్‌లోనూ డ్యామేజీ తగ్గింది. ఇన్నాళ్లూ మోసేదే అనుకున్నది మందైపోయింది, తప్పించుకోవాల్సిన కణాలే టార్గెట్ అయ్యాయి. కానీ ఇన్‌ఫెక్షన్ ముదురుతున్నప్పుడు మోనోసైట్లని ఇలా పక్కదారి పట్టిస్తే క్రిమితో పోరాడేదెవరు అన్న ప్రశ్న ఉంటుంది, ఎలుకల్లో బాగుందని మనుషులకి ఎక్కించేముందు డోసు, టైమింగ్ రెండూ తేల్చుకోవాల్సిందే.