పాటకు పెద్ద మాటలు కావాలా? అపోహలు - వాస్తవాలు

పెళ్లి పాటలు, తిరునాళ్ల పాటలు, పెద్దకర్మ రోజు వేసుకునే పాటలు, ఎలక్షన్లప్పుడు ప్రచారం పాటలు రాయడం నా పని. ఒంగోలు నుంచి నాయుడుపేట దాకా ఎవరు ఫోన్ చేసినా ముందు చెప్పేది ఒకటే: "అన్నా, సాహిత్యం బరువుగా ఉండాల." బరువంటే ఏందని అడిగితే, "అదేనన్నా, మనం మాట్లాడుకునే మాటలు కాకుండా" అంటారు.

అపోహ: సంస్కృత పదాలు పడితేనే పాటకు విలువ

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. స్టూడియోకు, సింగర్‌కు, మిక్సింగ్‌కు డబ్బు పోసి పాట చేయిస్తారు. తీరా మైకులో వేస్తే ఇంట్లోవాళ్లకే అంటదు.

నిరుడు కొత్తపట్నం వైపు నుంచి ఒకతను వచ్చాడు. వాళ్లమ్మ చేపలమ్మి పిల్లల్ని పెంచింది. ఆమె పెద్దకర్మకు పాట కావాలని పల్లవి తనే రాసుకొచ్చాడు:

అమృతమూర్తివి మాతృదేవత అమరలోకం...

మిశ్ర నడక, అంటే ముక్కకు ఏడేసి మాత్రలు (పొట్టి అక్షరానికి ఒకటి, పొడుగుదానికి రెండు), లెక్కలో ఎక్కడా తప్పు లేదు. కానీ అందులో వాళ్లమ్మ లేదు. ఆ మాటలు ఏ తల్లి ఫొటో కింద రాసినా సరిపోతాయి. "అమ్మ గంప దించి ఇంట్లోకి రాగానే ఏం చేసేదయ్యా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "చేతులకు చింతపండు రుద్దుకునేదన్నా. నీసు వాసన పోయిందాకా మమ్మల్ని ముట్టుకునేది కాదు" అన్నాడు. అదే రాశాను:

నీసు చేతికి చింతపండును రుద్దినావే...

అదే ట్యూన్, అవే మాత్రలు. "నీసు అనే మాట వద్దన్నా, నలుగురూ నవ్వుతారు" అని బతిమాలాడు. ఆ భయం ఎక్కడిదో నాకు తెలుసు. బడిలో ఆ మాటతోనే ఏడిపించి ఉంటారు. అందుకని బలవంతపెట్టకుండా రెండూ పాడించి వినిపించాను. మొదటిది విని బాగుందన్నాడు. రెండోది సగంలో ఉండగానే లేచి బయటికెళ్లిపోయాడు. చివరికి ఇంట్లోవాళ్లు ఏరుకున్నది కూడా రెండోదే.

'నీసు' ఉన్నచోట 'మత్స్యగంధం' అని పెట్టి చూడండి. అర్థం దాదాపు అదే, కానీ వినేవాడి ధ్యాస భారతంలో సత్యవతి దగ్గరికి పోతుంది, కొత్తపట్నంలో ఆ ఇంటికి రాదు. 'రుద్దినావే' బదులు 'కడిగినావే' అన్నా ఏడు మాత్రలే. అయితే కడగడం ఒక్క చెంబు నీళ్లతో అయిపోతుంది. రుద్దడంలో పంతం ఉంది, వాసన పోతే గానీ బిడ్డను ఎత్తుకోలేననే తొందర ఉంది. ఆ ద్విత్వం దగ్గర గాయకుడి గొంతు కూడా ఒత్తి పలుకుతుంది.

అలాగని సంస్కృతం వద్దని నేను అనను. పెన్న ఒడ్డున రంగనాథస్వామి మీద రాసేటప్పుడు నేనూ సమాసాలు వాడతాను. 'శేషశయనా' అనే పిలుపులోని గంభీరం 'పాము మీద పడుకున్నోడా' అంటే వస్తుందా? ఎవరు, ఎవరితో, ఏ చోట అంటున్నారనేదే మాటను నిర్ణయించాలి. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో ఉండి భారతంలో 15 పర్వాలు తెనిగించిన తిక్కన మన నెల్లూరాయనే. ఆయన పాత్రలు మాట్లాడుకునే చోట తెలుగు పలుకుబడి ఎంత నిండుగా ఉంటుందో చదివినవాళ్లకు తెలుసు. 1921లో సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టిన ఆత్రేయను జనం మనసు కవి అన్నది మనసు మీద అన్ని పాటలు రాసినందుకు, అవి రాసింది ఇంట్లో వాడే మాటలతోనే. వీళ్లిద్దరి గడ్డ మీద ఉండి మన మాట మొరటు అనుకోవడం నాకు బాధగా ఉంటుంది.

అపోహ: మన యాస పెడితే కామెడీ అయిపోతుంది

సినిమాల్లో యాసను నవ్వించడానికే వాడటం వల్ల వచ్చిన భయం ఇది. మన వైపు 'పోయినావు' అంటే వెళ్లావనీ అర్థమే, చనిపోయావనీ అర్థమే. 'ఏడికి పోయినావు నాయనా' అని కూతురు అడిగితే ఆ రెండూ ఒకేసారి పలుకుతాయి. దాన్ని తీసేసి 'దివికేగితివా' అని పెడితే అడిగే కూతురే కనిపించకుండా పోతుంది.

అపోహ: ట్యూన్ బాగుంటే మాటలు ఎవరు వింటారు?

ట్యూన్‌లో రెండు మాత్రలు సాగే చోట 'కల' పెడితే 'కాల' అని వినపడుతుంది. 'పడు' అయితే 'పాడు' అవుతుంది. పై స్థాయిలో గొంతు నిలపాల్సిన చోట 'ఆ' ఉంటే నోరు తెరుచుకుంటుంది. అక్కడ 'ఇ' వేస్తే పాడేవాళ్లు ఇబ్బంది పడతారు. మాట మార్చమని సింగర్ అడిగితే అహంకారం అనుకోవద్దు.

అపోహ: ప్రాస కుదిరితే పాట కుదిరినట్టే

ప్రాస కోసం తెచ్చి అతికించిన మాట ఏదో రెండోసారి వినేటప్పటికే తెలిసిపోతుంది. అంతకంటే చెప్పేదేం లేదు.

అపోహ: మొదటి అక్షరం తేడా వస్తే కీడు

కావ్యం మొదట ఏ గణం (అక్షరాల కూర్పు) వేయాలో పాత లాక్షణికులు, అంటే పద్యాల నియమాలు చెప్పినవాళ్లు, రాసిన మాట నిజమే. దాన్ని పట్టుకొని, ఫలానా అక్షరంతో మొదలైతే కాపురం చెడుతుందని వాట్సాప్‌లో పుట్టించినవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒక పెళ్లికూతురి తల్లి ఈ టెన్షన్‌తో రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. "అమ్మా, అక్షరాలు కాపురాలు చెడగొట్టవు. అయినా మీ మనశ్శాంతి కోసం 'శ్రీ'తో మొదలుపెడతాను" అని చెప్పి పల్లవి మార్చిచ్చాను. ఆడబిడ్డ తల్లి భయంతో వాదన పెట్టుకోకూడదు.

పాట కావాలనుకునేవాళ్లు వచ్చేటప్పుడు విశేషణాలు రాసుకురావద్దు. ఆ మనిషి మిమ్మల్ని ఏమని పిలిచేవారు, కోపమొస్తే ఏమనేవారు, ఏ పని చేస్తూ ఎక్కువగా కనిపించేవారు, ఈ మూడూ చెప్పండి. కూర్చుని రాయలేకపోతే ఫోన్‌లో మాట్లాడి రికార్డు పంపండి. మీరు ఎట్టా మాట్లాడతారో అట్టాగే మాట్లాడండి, సర్దొద్దు.