హైబ్రిడ్ బండి: ఈవీ లైటు వెంట పడకండి

బ్యాటరీ మీద ఎంత నడిపితే అంత పెట్రోలు మిగులుతుందని, తిరుపతిలో మా వర్క్‌షాపుకి స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోలు ఇంజిన్‌తోనూ, ఇంజిన్ ఆపేసి బ్యాటరీ మోటారుతోనూ నడిచే బండి) తెచ్చేవాళ్లలో చాలామంది నమ్మకం. వాట్సాప్‌లో ఎవరో ఈవీ శాతం, అంటే ప్రయాణంలో ఇంజిన్ ఆగి బ్యాటరీ మీద నడిచిన వంతు, యాప్‌లో చూసి స్క్రీన్‌షాట్ పెడతారు, ఇక అందరూ ఆ అంకె వెంటే. ఎక్కువ పెట్రోలు తగలేయించే అపోహ ఇదే.

ప్లగ్ లేని బండికి కరెంటు ఎక్కడినుంచి వస్తుందండీ? మీరు పోయించిన పెట్రోలు నుంచే. బ్రేకు వేస్తే తిరిగొచ్చేదీ ఆ పెట్రోలు ఇచ్చిన వేగమే. ఇంజిన్ నుంచి జనరేటర్, బ్యాటరీ, మోటారు దాకా ప్రతి మజిలీలో కొంత వేడిగా పోతుంది. అందుకే కంప్యూటర్ ఇంజిన్ సుఖంగా లాగేటప్పుడు మిగులు దాచి, నత్తనడక ట్రాఫిక్‌లో ఖర్చుపెడుతుంది. మీరు ఈవీ బటన్ నొక్కి ఖాళీ చేస్తే ఆ లోటు మళ్లీ ఇంజినే పూడ్చాలి. టొయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా హైబ్రిడ్‌ల బ్యాటరీ 0.76 యూనిట్లు. వాడుకునేది అందులో దాదాపు సగమే. మే నెల ఎండలో ఆగి ఉన్న బండిలో ఏసీ కిలోవాట్ లాగితే ఇరవై నిమిషాలకే ఇంజిన్ లేస్తుంది. చూడాల్సింది లీటరుకి ఎన్ని కిలోమీటర్లు వచ్చిందన్నదే.

మొన్న ఓ రిటైర్డ్ మాస్టారు కొండ దిగి నేరుగా మా దగ్గరికొచ్చారు. "బ్యాటరీ గీతలన్నీ నిండాయి నాయనా, అయినా ఇంజిన్ హోరుమంటోంది. బ్యాటరీ పోయినట్టేనా?" లక్షల ఖర్చని ఎవరో భయపెట్టారట, చేతులు వణుకుతున్నాయి. తిరుమల నుంచి దిగేది సుమారు 700 మీటర్లు. మనుషులతో కలిపి 1,600 కిలోల బండి అంత దిగితే వచ్చే శక్తి మూడు యూనిట్లు. బ్యాటరీలో వాడుకోగలిగే చోటు అర యూనిట్ కూడా లేదు. నిండాక మిగిలిన కరెంటుతో ఇంజిన్‌ని ఉత్తినే తిప్పి ఖర్చు చేస్తుంది, పెట్రోలు చుక్క కూడా పడదు. ఆ హోరు ఇంజిన్ బ్రేకింగ్‌ది. స్కానర్‌లో లోపం చూపే కోడు ఒక్కటీ లేదని చూపించాకే ఆయన మంచినీళ్లు తాగారు.

బ్యాటరీని ముందే ఖాళీ చేస్తే ఇబ్బందేనన్న పాఠం రేంజ్ ఎక్స్‌టెండర్ బండ్లలోనూ కనిపిస్తుంది. అవి బ్యాటరీ మీదే నడుస్తాయి, చార్జింగ్ తగ్గితే కరెంటు తయారుచేయడానికి చిన్న పెట్రోలు ఇంజిన్ ఉంటుంది. అమెరికాలో అమ్మిన బీఎండబ్ల్యూ ఐ3లో బ్యాటరీ దాదాపు అడుగంటాకే చిన్న జనరేటర్ మొదలయ్యేది. పొడవాటి ఎత్తుల మీద దానొక్కదాని బలం చాలక వేగం పడిపోయేది.

ఫోన్లో ఆ యాప్ తీసేస్తే మైలేజీ పడిపోతుందా, రాత్రి చార్జింగ్ పెట్టాలా అని కూడా అడుగుతుంటారు. యాప్ తీసేస్తే మైలేజీ పడదు, ఇంజిన్ ఎప్పుడు లేవాలో నిర్ణయించేది బండిలోని కంప్యూటరే. రాత్రి చార్జింగ్ ప్లగిన్ రకాలకే, అంటే గోడ సాకెట్‌కి తగిలించే వాటికే. టొయోటా హైబ్రిడ్ బ్యాటరీకి ఇక్కడ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది.

బ్యాటరీకి అసలు శత్రువు వేడి. సీటు పక్కనో కిందో బ్యాటరీ గాలి పీల్చే జాలీ ఉంటుంది. దానికి అడ్డంగా దుప్పట్లు, లడ్డూ సంచులు పెట్టకండి. సర్వీసుకొచ్చినప్పుడు దాని ఫిల్టర్ దుమ్ము దులిపించండి.