లా ఫర్మ్‌ల కొలువులు, పేదల కేసులు: 2008లో ఏం మారింది?

ప్లేస్‌మెంట్ల సీజన్ వచ్చిందంటే చాలు, హైదరాబాద్ లా విద్యార్థుల మధ్య పాత వాదన మళ్లీ రాజుకుంటుంది. లా ఫర్మ్‌లు కొలువులిచ్చేటప్పుడు విద్యార్థులు చేసిన ఉచిత న్యాయ సేవను లెక్కలోకి తీసుకోవాలా, వద్దా?

పేదలకు ఉచిత న్యాయ సాయం అందాలని చెప్పే రాజ్యాంగ 39-ఎ అధికరణం, 1987 న్యాయ సేవల చట్టం జోలికి ఇక్కడ పోనక్కర్లేదు. నేటి గొడవ అర్థం కావాలంటే లాయర్ల వృత్తికి, లా చదువుకు నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో తెచ్చిన న్యాయ విద్యా నిబంధనలు తిరగేయాలి.

అంతకు ముందు, 1990ల చివర్లో, బార్ కౌన్సిల్ నాలుగు ప్రాక్టికల్ పేపర్లు తప్పనిసరి చేసింది. అందులో ఒకటి ప్రజాప్రయోజన న్యాయవాదం, లీగల్ ఎయిడ్ (పేదలకు ఉచిత న్యాయ సాయం). పేపర్ ఎంత బాగా చెప్పారన్నది పక్కన పెడితే, పేదవాడి కేసు ముట్టుకోకుండా డిగ్రీ రాదన్న మాట సిలబస్‌లో అయితే ఉండేది. 2008లో తప్పనిసరి జాబితాలోంచి దాన్ని తీసేసి, ఆ చోట ప్రత్యామ్నాయ వివాద పరిష్కార పద్ధతుల (కోర్టు విచారణ దాకా వెళ్లకుండా తగాదాలు తేల్చుకోవడం) పేపర్ పెట్టారు.

ఇంటర్న్‌షిప్ నిబంధన కూడా అప్పటిదే. మూడేళ్ల కోర్సుకు 12 వారాలు, ఐదేళ్ల కోర్సుకు 20 వారాలు. ఎక్కడ చేయవచ్చో చెప్పే జాబితాలో స్వచ్ఛంద సంస్థలు, న్యాయవ్యవస్థ, లా ఫర్మ్‌లు, కంపెనీలు అన్నీ ఒకే వరుసలో ఉన్నాయి. ట్రయల్, అప్పీల్ లాయర్ల దగ్గర ఒక్కసారైనా పనిచేయడం తప్పనిసరి. స్వచ్ఛంద సంస్థకు మాత్రం ఆ షరతు లేదు. ఇంటర్న్‌షిప్‌లో పని నచ్చితే ఫర్మ్ ముందే ఉద్యోగం ఖాయం చేస్తుంది. పీపీఓ (ప్రీ-ప్లేస్‌మెంట్ ఆఫర్) అంటారు దాన్ని. ఏడాదికి రెండు లక్షలు దాటే ఫీజు, నెత్తిన బ్యాంకు లోను ఉన్న పిల్లవాడు ఎటు వెళ్తాడో వేరే చెప్పాలా? తప్పు వాడిది కాదు.

అదే నిబంధనలో ఇంకో మెలిక ఉంది. ఏ ఏడాదిలోనైనా వరుసగా నాలుగు వారాలకు మించి ఇంటర్న్‌షిప్ చేయకూడదు. పురానీ హవేలీలోని న్యాయ సేవాధికార సంస్థ మెట్లెక్కే ఆడవాళ్లకు ఈ నాలుగు వారాలంటే ఏమిటో చూడండి. భర్త ఇంట్లోంచి గెంటేశాడని వచ్చిన మనిషి చేతిలో పెళ్లి ఫొటో, రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు ఉంటాయి. మహిళ కాబట్టి ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయర్ దొరుకుతాడు. భరణం పిటిషన్‌కు భర్త ఏం పని చేస్తాడు, జీతమెంత, డబ్బివ్వడం ఎప్పుడు మానేశాడు, అన్నీ రాయాలి. 2020లో రజనీష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఆస్తులు, అప్పుల అఫిడవిట్ కూడా జతచేయాలి. ఆమెను కూర్చోబెట్టి ఓపిగ్గా అడిగి రాసేది ఇంటర్న్‌గా వచ్చిన విద్యార్థే అనుకుందాం. మొదటి వాయిదాకు నోటీసు అందలేదంటారు, రెండో వాయిదాకు అవతలి వాళ్లు కౌంటర్ వేయడానికి టైం అడుగుతారు. ఈలోపు విద్యార్థి సర్టిఫికెట్ తీసుకుని వెళ్లిపోతాడు. ఆమె మూడో వాయిదాకు వచ్చి, తన కథంతా కొత్త ముఖానికి మొదటి నుంచి చెప్పుకుంటుంది.

ఫర్మ్‌ల వాదన ఒక్కటే: సేవకు మార్కులిస్తే అది సీవీలో రాసుకునే ఇంకో గీత అవుతుంది, క్లయింట్‌కు కావాల్సింది పని తెలిసిన లాయర్. ఈ మాటలో కొంత నిజముంది, కానీ సీవీ గీతల సంస్కృతిని పెంచిపోషించిందీ ఆ నియామకాలే. పేదలకు ఉచిత సాయం చేయడం న్యాయవాది అత్యున్నత బాధ్యతల్లో ఒకటని బార్ కౌన్సిల్ 46వ నిబంధన చెబుతోంది. ఫర్మ్‌లో చేరినంత మాత్రాన ఆ బాధ్యత తీరిపోదు.

లా కాలేజీల్లో పేదలకు ఉచిత న్యాయ సాయం చేసే లీగల్ ఎయిడ్ క్లినిక్‌లు నడుపుతున్న అధ్యాపకుల మాట ఇంకా వినదగ్గది. ప్రతి లా కాలేజీలో క్లినిక్ ఉండాలని 2008 నిబంధనలే అంటున్నాయి. అది కాలేజీ మీద పెట్టిన షరతు, విద్యార్థి మీద కాదు. పైగా దాన్ని నడపాల్సింది ఫైనలియర్ విద్యార్థులని రాశారు. పెద్ద ఫర్మ్‌లు మాత్రం ఐదేళ్ల కోర్సులో చాలావరకు నాలుగో ఏడాదిలోనే మనుషుల్ని ఎంచుకుంటాయి. అంటే విద్యార్థి క్లినిక్‌లో అడుగుపెట్టే నాటికి కొలువు తేలిపోయి ఉంటుంది. లెక్కలోకి తీసుకుందామని ఫర్మ్ మనస్ఫూర్తిగా అనుకున్నా చూడ్డానికి అక్కడ ఏమీ ఉండదు.

ఈ వాదన మళ్లీ మళ్లీ తేలకుండా పోవడానికి కారణం ఇదే. క్లినిక్‌ను రెండో ఏడాదికి జరపడం, ఒక్కో విద్యార్థికి ఒక్కో కేసును చివరి వాయిదా దాకా అప్పగించడం కాలేజీల చేతిలో పనే. ఆ కేసు ఏమైందో ఇంటర్వ్యూలో అడగడం ఫర్మ్‌ల చేతిలో పని.