కాలేజీ ముందు మారింది, బడి తర్వాత: ఓరుగల్లు డిగ్రీల్లో మీడియం తగాదా

ఇంగ్లిష్ మీడియంలో చేరిన డిగ్రీ పిల్లలు పరీక్ష తెలుగులో రాయొచ్చా? హన్మకొండ, వరంగల్ కాలేజీల్లో పరీక్షల వేళ మళ్లీ మళ్లీ రాజుకునే ప్రశ్న ఇది.

1948 తర్వాత ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లిష్ రావడం, 1968లో కాలేజీ పుస్తకాలు తెలుగులో వేసే తెలుగు అకాడమీ పుట్టడం తెలిసిన కథే. అయితే 1918లో ఉస్మానియా వెలియకముందే, 1917లో అనువాద విభాగం పెట్టి ఉర్దూ పుస్తకాల పని మొదలుపెట్టారు. ఆ ముందుచూపు తర్వాత కనబడలేదు.

అసలు మలుపు 2016లో వచ్చిన దోస్త్, అంటే తెలంగాణలో డిగ్రీ సీట్లను ఆన్‌లైన్‌లో ఇచ్చే పద్ధతి. కాలేజీ, గ్రూపుతో పాటు మీడియం కూడా ఆన్‌లైన్‌లో ఎంచుకునే ఆప్షనైంది. తల్లిదండ్రులు ఇంగ్లిష్‌కే టిక్కు పెట్టారు. నిండని తెలుగు సెక్షన్లను యాజమాన్యాలు ఇంగ్లిష్‌కు మార్పించుకున్నాయి. బోర్డు మారింది గానీ, లోపల కూర్చున్నది సర్కారు బడిలో తెలుగులో చదివిన పిల్లలే. సర్కారు బడుల్లో 1 నుంచి 8 తరగతులకు ఇంగ్లిష్ మీడియం పెట్టింది 2022-23లో. ఆనాటి ఎనిమిదో తరగతి పిల్లలు డిగ్రీ మెట్టెక్కేది 2027లో.

ఉద్యోగాలకు ఇంగ్లిష్ కావాలని యాజమాన్యాలంటాయి. నిజమే. కానీ క్లాసులో జరిగేది వేరు. సారు పాఠం తెలుగులో చెప్పి, నోట్సు ఇంగ్లిష్‌లో రాయిస్తారు. ఒకే పీరియడ్‌లో రెండు పనులు, సిలబస్ సగంలో ఆగుతుంది. లెక్కలు గుర్తులతో నడుస్తాయి కాబట్టి గట్టెక్కుతాయి. దెబ్బ పడేది ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్, బాటనీల్లో. ‘డిఫైన్’కీ ‘డిస్టింగ్విష్’కీ తేడా అందక, బట్టీ పట్టిన వ్యాసమంతా దింపుతారు. అడిగింది రెండింటికీ భేదం, రాసింది ఒకదాని నిర్వచనం. విషయం తెలిసీ మార్కులు పోతాయి.

అలాగని అకాడమీ తెలుగూ సులువు కాదు. ‘సమాకలనం’ (ఇంటిగ్రేషన్), ‘ద్రవ్యవేగం’ (మొమెంటమ్) ఏ ఇంట్లో వినబడతాయి? ములుగు, మహబూబాబాద్ ఏజెన్సీ నుంచి వచ్చే కోయ, లంబాడా పిల్లల్లో చాలామందికి తెలుగే రెండో భాష. ఈ మాట ఏ పక్షమూ ఎత్తదు.

కోర్సు ఇంగ్లిష్‌దైనా జవాబులు స్థానిక భాషలో రాయనివ్వమని 2023 ఏప్రిల్‌లో యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) యూనివర్సిటీలకు సూచించింది. ఇక్కడ పేపర్లు దిద్దేవాళ్లకు తెలుగు కొత్త కాదు. చిక్కు ప్రశ్నపత్రం దగ్గరే. హడావుడిగా తెలుగు చేసేటప్పుడు ‘సప్లై’ ఒకచోట ‘సరఫరా’, ఇంకోచోట ‘సప్లయి’ అవుతుంది. పిల్లాడు చదివిన పుస్తకంలో అది ‘సప్లయి’ అయితే, పరీక్ష హాల్లో ‘సరఫరా’ అతనికి కొత్త పాఠం.