గాలివాన ఆస్తమా: మందుల షాపు కౌంటర్ దగ్గర వినే అపోహలు

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. అక్టోబరు వచ్చిందంటే ఇక్కడ తుమ్ముల కాలం మొదలైనట్టే. గాలివాన వేళ పుప్పొడి వల్ల ఒక్కసారిగా ఊపిరాడకుండా చేసే గాలివాన ఆస్తమా గురించి, షాపుకు వచ్చే తెలుగువాళ్లతో నాకు ఏటా అవే వాదనలు.

అపోహ: "నాకు ఆస్తమా లేదు కదా, నాకేం భయం?"

నన్ను అన్నిటికంటే భయపెట్టే మాట ఇదే. 2016 నవంబరు 21, సోమవారం. పగలు 35 డిగ్రీల ఎండ. సాయంత్రానికి ఈదురుగాలి, ఉరుములు. ఆ తర్వాత 30 గంటల్లో ఊపిరాడక ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు చేరినవాళ్లు మామూలు కంటే 3,000 మందికి పైగా ఎక్కువ. 10 మంది చనిపోయారు. ఆసుపత్రికి వచ్చినవాళ్లలో చాలామందికి ఆస్తమా ఉందని అంతకుముందు ఏ డాక్టరూ చెప్పలేదు. కానీ అత్యధికులకు హే ఫీవర్ ఉంది. అంటే వసంతంలో తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురద. "అది అందరికీ ఉండేదే" అని మనం కొట్టిపారేసే జబ్బు.

అపోహ: "చల్లగాలి పట్టేసింది, అంతే."

అసలు దోషి రైగ్రాస్ అనే గడ్డి పుప్పొడి. పుప్పొడి రేణువు పెద్దది కాబట్టి ముక్కులోనే ఆగిపోయి తుమ్మిస్తుంది. గాలివాన దాన్ని పైకి లాక్కుపోతుంది. అక్కడి తేమకు రేణువు నానిన శనగగింజ పొట్టులా పగిలి, వందల కొద్దీ సన్నని పిండి కణాలను వదులుతుంది. ఇవి 3 మైక్రాన్ల కంటే చిన్నవి, తిన్నగా ఊపిరితిత్తుల లోతుకు పోతాయి. మేఘం నుంచి దిగే చల్లని గాలి వాటిని మనిషి ముక్కు ఎత్తుకు తెచ్చి పోస్తుంది.

అపోహ: "వాన పడితే గాలి శుభ్రపడుతుంది."

ముసురు పడితే నిజమే. ప్రమాదమంతా వానకు ముందు వీచే ఆ గాలిలోనే ఉంది. మన ఊళ్లో గాలిదుమారం లేస్తే రాలిన మామిడికాయల కోసం తోటలోకి పరుగెత్తినవాళ్లం. ఇక్కడ ఆరేసిన బట్టల కోసం పెరట్లోకి పరుగెడుతున్నాం. తడిస్తే తడవనీయండి. కిటికీలు మూసుకుని లోపలే ఉండండి.

అపోహ: "గడ్డివాముల మధ్య పెరిగినవాళ్లం, గడ్డి మమ్మల్నేం చేస్తుంది?"

అది వరిగడ్డి, ఇది వేరే గడ్డి. కొత్తగా వచ్చినవాళ్లు మొదటి ఏడాది హాయిగానే తిరుగుతారు. కొన్ని వసంతాలు ఈ పుప్పొడి పీల్చాక చాలామంది ఒంటికి అది పడకుండా పోతుంది. 2016లో ఆసుపత్రుల పాలైనవాళ్లలో భారత, ఇతర ఆసియా మూలాలవాళ్లు జనాభాలో తమ వాటాకు మించి ఉన్నారు.

అపోహ: "ఇన్‌హేలర్ అలవాటైపోతుంది, మాత్ర ఇవ్వండి."

లెక్క చూడండి. నీలం ఇన్‌హేలర్ ఒక్క నొక్కుకు వచ్చే సాల్‌బుటమాల్ అనే మందు 100 మైక్రోగ్రాములు. అదే మందు 4 మిల్లీగ్రాముల మాత్రలో దానికి 40 రెట్లు ఉంటుంది, ఒళ్లంతా తిరుగుతుంది. ఏది ఎక్కువ మందో మీరే చెప్పండి! అయితే నీలానిది మూసుకున్న దారి తెరిచే పని మాత్రమే. లోపలి వాపు తగ్గించే మందు వేరే ఉంది. డాక్టరు రాస్తే దాన్ని బాగున్న రోజుల్లో కూడా రోజూ వాడాలి.

తుమ్ముల మాత్ర వేసుకుంటే చాలనుకోవడం కూడా ఇలాంటిదే. అది తుమ్ములు ఆపుతుంది, ఊపిరితిత్తులకు కాపలా కాయదు. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే సీజను కంటే ముందే మొదలుపెట్టడం మేలు. కషాయం తాగండి, కాదనను. కానీ పిల్లికూతలు వినిపిస్తుంటే, పిల్లవాడు డొక్కలెగరేస్తుంటే పొయ్యి దగ్గర నిలబడకండి.

అప్పుడు చేయాల్సింది ఇది: కూర్చోబెట్టండి. ఇన్‌హేలర్ కుదిపి స్పేసర్‌కు (ఇన్‌హేలర్‌కు, నోటికి మధ్య పెట్టుకునే గొట్టం) తగిలించి ఒక నొక్కు, 4 శ్వాసలు. ఇలా 4 నొక్కులు. 4 నిమిషాలు ఆగి, తగ్గకపోతే మళ్లీ 4. ఒక వాక్యం కూడా పూర్తిగా మాట్లాడలేకపోతే ఏ లెక్కా పెట్టుకోకుండా వెంటనే అంబులెన్సు కోసం 000కి ఫోను చేయండి. ఇక్కడ నీలం ఇన్‌హేలర్‌కు డాక్టరు చీటీ అక్కర్లేదు, ఫార్మసిస్టును అడిగితే చాలు. అక్టోబరు 1 నుంచి డిసెంబరు 31 వరకు మన విక్టోరియా రాష్ట్ర ప్రభుత్వ హెచ్చరికల యాప్ విక్ ఎమర్జెన్సీలో గాలివాన ఆస్తమా ముందస్తు సూచన వస్తుంది.

మొన్న ఒక పెద్దాయన, "నా దగ్గర ఉందమ్మా" అంటూ కారులోంచి నీలం ఇన్‌హేలర్ తెచ్చి ధీమాగా కౌంటర్ మీద పెట్టారు. తిప్పి చూశాను. గడువు 2019లోనే అయిపోయింది.